వైస్ మీది నూనె

సముద్రాన్ని నింపి, అందులో లెక్కకు అందనన్ని చేపల్ని ఈదనిచ్చిన దేవునికి స్తోత్రం. ఆసుపత్రి వరండాలో నేను ఏడుస్తూ కూర్చున్న రోజున కూడా నన్ను ఒంటరిగా వదలని ప్రభువుకు స్తోత్రం. ఆయన చేసిన మేలు చిన్నదైనా చెప్పకుండా ఉండకూడదని మా అమ్మ నేర్పింది. అందుకే ఇది రాస్తున్నాను.

నా భర్త నాకు మేనబావ. పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా బావా అనే పిలుస్తాను. బావకు చేపల పిచ్చి. శనివారం వస్తే బండి తీసి, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటికి వెళ్లిపోయేవాడు. వానపాముల్ని గుచ్చడం అతనికి నచ్చదు. కోడి ఈకలూ, రంగు దారమూ, నా పాత చీరల జరీ పోగులూ గాలానికి చుట్టి చిన్న చేపపిల్లలా తయారుచేస్తాడు. ఫోన్‌లో వీడియోలవాళ్లు వీటిని ఫ్లైలు అంటారు. ఎడమచేతి రెండు వేళ్ల మధ్య గాలాన్ని బిగించి పట్టి, కుడిచేత్తో చుట్టేవాడు. వేరే పనిముట్టు ఏదీ ఉండేది కాదు.

కిందటేడు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. దేవుని దయవల్ల కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. ఎడమచెయ్యి మాత్రం మణికట్టు దాకా వచ్చి ఆగింది. వేళ్లకు పట్టు రాలేదు. మణికట్టును రోజూ తిప్పకపోతే అదీ బిగుసుకుపోతుందని ఫిజియోథెరపీ అమ్మాయి గట్టిగా చెప్పింది. వారం రోజులు తిప్పి మానేశాడు.

"తిప్పు బావా" అంటే, "ఏటి తిప్పడం? గాల్లో తిప్పితే ఏటొస్తాది? నాను పిచ్చోడిలాగ కనపడతన్నాను" అనేవాడు.

గాల్లో కాకుండా దేన్నయినా తిప్పే పని ఇస్తే? ఆ ఆలోచన నాకు ప్రార్థనలో వచ్చింది. గాలాన్ని పట్టుకోవడానికి బల్లమీద పెట్టుకునే చిన్న వైస్‌లు ఉంటాయని వీడియోల్లో చూశాను. కదలకుండా పట్టుకునే రకం ఒకటి. రోటరీ వైస్ ఇంకొకటి: దాని పిడి తిప్పితే గాలమే గిర్రున తిరుగుతుంది, దారం దానంతటదే చుట్టుకుంటుంది. కుడిచేతివాటం వాళ్లకు ఆ పిడి ఎడమ పక్కన వస్తుంది. అది చూసి లేచి నిలబడ్డాను. వేళ్లు పట్టకపోయినా మణికట్టుతో నెట్టొచ్చు కదా! మా బల్ల అంచు గుండ్రంగా ఉంది కాబట్టి అంచుకు బిగించే రకం వద్దనుకుని, బరువైన ఇనుప పీట ఉన్నది ఎంచి తెప్పించాను. సముద్రపు గాలాలు లావు, వాటిని పట్టే దవడలున్నాయో లేదో రెండుసార్లు చూసుకున్నాను. సండే స్కూల్లో కథలు చెప్పుకునే నాకు ఇదంతా కొత్త చదువు.

మా సంఘంలో కుట్టుమిషను కొన్నా, బండి కొన్నా ప్రార్థన చేయించకుండా వాడం. వైస్ రాగానే సంఘపెద్దను పిలిచాను. ఆయన ఒలీవనూనె సీసాతో వచ్చి, బావ చేతికి రాసి కన్నీళ్లతో ప్రార్థించారు. ఆ ఊపులోనే వైస్ మీద కూడా ధారాళంగా పోశారు. దవడల మధ్య పోశారు, తిరిగే ఇరుసు మీద పోశారు. మేం గట్టిగా ఆమేన్ అన్నాం.

మర్నాడు పొద్దున్న బావ ఇష్టం లేకుండానే కూర్చున్నాడు. పిడి నెట్టగానే గాలం చివర గుండ్రంగా సున్నాలు చుట్టింది. గాలాన్ని దవడల్లో మరీ కిందకి పెట్టాం. కాడ ఇరుసుకు సూటిగా వచ్చేలా పైకి జరిపితే ఆ తిప్పలు పోయాయి. కానీ దారం లాగగానే గాలం తల వాల్చేసింది. బిగించాను. మళ్లీ వాలింది. ఇంకా బిగిస్తే ఎగిరి కేలెండర్‌కు తగిలింది. పిడి వదిలితే చాలు, వైస్ తలంతా దానంతటదే కిందకి తిరిగిపోతోంది.

"సూసావా, ఇది కూడా నా సెయ్యిలాగే ఉన్నాది. పట్టు లేదు. ఎనక్కి పంపించీ" అని బావ లేవబోయాడు.

ఈసారి లేస్తే మళ్లీ కూర్చోడని నాకు తెలుసు. లేస్తూ లేస్తూ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఒసే, ఇదేటి, నూనె! మీ పెద్దయ్య అభిషేకం సేసీసినాడు, గాలం ఎలాగ నిలబడతాది?"

"అలా అనకు బావా, తప్పు."

"మరి తుడు."

నా చెయ్యి రాలేదు. బైబిల్లో చెప్పిన ప్రత్యక్ష గుడారంలో, దేవుని సేవకు వాడే ఉపకరణాలన్నిటికీ నూనె రాశారు, ఎవరూ తుడిచినట్టు నేను చదవలేదు. భయపడుతూ పెద్దకు ఫోన్ చేశాను. అటువైపు ఆయన పగలబడి నవ్వారు.

"తుడిసీమ్మా! నా కళ్లజోడు మీద పడితే నాను తుడుసుకోనా? నానడిగింది దేవుడు ఇనేసినాడు. నూనెతో ఆయనకేటి పని?"

దూదీ స్పిరిటూ తెచ్చాను. మరమేకు ఊడదీసి ఇరుసు తుడిచాను, దవడల లోపల నాలుగుసార్లు తుడిచాను, ఆరనిచ్చి బిగించాను. బావ దారం లాగాడు. గాలం కదల్లేదు.

ఎడమ మణికట్టుతో పిడిని నెట్టాడు. అర చుట్టు. ఆగాడు. ఇంకో అర. కుడిచేతిలో దారం వణుకుతూ గాలం మీదికి ఎక్కింది. గంటకు పైగా పట్టింది. తయారైన ఫ్లైకి తల లావు, తోక వంకర.

"దీన్ని సూసి సేపలు నవ్వుతాయే" అన్నాడు.

"నవ్వితే నోరు తెరుస్తాయి కదా."

బావ నవ్వాడు. నుదుటి మీద చెమట తుడుచుకుని, నా వైపు చూడకుండా, "ఇంకో గాలం ఇయ్యి" అన్నాడు.

ఇప్పుడు రోజుకు రెండు చేస్తున్నాడు. మణికట్టు పూర్తిగా తిరుగుతోంది. వేళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. నిన్న పిడి నెడుతుంటే బొటనవేలు కొంచెం కదిలినట్టు నాకనిపించింది. బావ లేదంటాడు. చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి: ప్రభువా, ఆ బొటనవేలిని కదిలించు. అది ఆలస్యమైతే, రేపు కూడా అతన్ని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టు. ఆమేన్.