ఏసీ గదిలోంచి ఒక రివ్యూ

ఒక్క పేజీ కోపంతో ఒక పరిశోధననీ, ఒక గురువునీ, వేడివేడి బిర్యానీనీ కలిపి ముంచిన ఘనుడి కథ ఇది. ఆ ఘనుడు నేనే. బిర్యానీ దగ్గరికి వస్తాను, కంగారు పడకండి.

అప్పుడు విజయవాడలో ఒక మెడికల్ కాలేజీలో కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్ని. ప్రాణం పెట్టి రాసిన నా పేపర్ని ఒక జర్నల్ వాళ్లు "కొత్తదనం లేదు" అని రెండు ముక్కల్లో తిప్పికొట్టారు. పేపర్ని పరిశీలించి అలా తేల్చిన, పేరు తెలియని ఆ రివ్యూయర్ మీద నాకొచ్చిన కోపం చూసి బెజవాడ మే నెల ఎండ కూడా నీడలోకి జరిగింది. సరిగ్గా అప్పుడే ఇంకో జర్నల్ నుంచి మెయిల్. ఈ పేపర్ని పరిశీలించి పెట్టండి, రాసినవాళ్ల పేరు మీకు చెప్పం, మీ పేరు వాళ్లకి చెప్పం. రివ్యూయర్లకు సూచనలు జత చేశాం, చదివి టిక్ పెట్టండి. కొత్తవారైతే ఒక సీనియర్ సాయం కూడా ఇప్పిస్తాం.

సాయమా? నాకా? చదవకుండానే టిక్ పెట్టాను.

పేపర్ చేపలు శుభ్రం చేసే ఆడవాళ్ల చేతుల మీద పడే పుళ్ల గురించి. లోపం ఒక్కటే: ఆ పని చేయనివాళ్ల చేతులతో పోల్చి చూడలేదు. ఆ ముక్క మర్యాదగా రాస్తే సరిపోయేది. నేను మాత్రం, "ఈ రచయిత ఏసీ గది దాటి బయటికొచ్చిన దాఖలా లేదు. చేపని పళ్లెంలో తప్ప ఎక్కడా చూసినట్టు లేరు" అని రాసి, పేపర్ పనికిరాదని తేల్చి, హాయిగా నిద్రపోయాను.

కొన్ని వారాలకు, నాకు పాఠాలు చెప్పిన రెహానా మేడమ్ వన్ టౌన్‌లోని తమ ఇంటికి బిర్యానీకి పిలిచారు. వెళ్లేసరికి బిర్యానీ మూత ఇంకా తీయలేదు. మేడమ్ మూత మాత్రం ఎగిరిపోయి ఉంది.

"చదువయ్యా ఇది! నా పేపర్ మీద ఎవడో రాసి పారేశాడు!"

చదివాను. అచ్చంగా నా ఇంగ్లీషే.

"చేపని పళ్లెంలో తప్ప చూళ్లేదట నేను! బందరు వైపు ఆ ఆడవాళ్ల పక్కన కూర్చుని కూర్చుని నా చీరలన్నీ కంపు కొడితే, మా ఆయన నాకు వేరే బీరువా కొన్నాడు!"

"దుర్మార్గుడండీ," అన్నాను.

"నా సంగతి సరే. ఈ పేపర్ అచ్చయితేనే నిధులొచ్చి, వాళ్ల కోసం పెట్టిన క్లినిక్ వచ్చే ఏడాది నడిచేది. లేకపోతే తాళమే. వీడికేం పోయింది?"

ఆ మాటతో నాకు వాడి మీద నిజంగానే ఒళ్లు మండింది.

"నీకు కోపంగా రాయడం బాగా వచ్చుగా, ఎడిటర్‌కి జవాబు నువ్వే రాసిపెట్టు."

కూర్చుని రాశాను. వాణ్ణి ఉతికి ఆరేశాను. ఊపులో చివరి వాక్యం పైకి చదివాను: "ఈ రివ్యూయర్ ఏసీ గది దాటి బయటికొచ్చిన దాఖలా లేదు."

మేడమ్ కళ్లజోడు సర్దుకున్నారు. నా జవాబు చూశారు. రివ్యూ చూశారు. మళ్లీ నన్ను చూశారు.

"ఏవయ్యా, నన్ను తిట్టినవాడూ, నా తరఫున తిట్టేవాడూ ఒకే ఏసీ గదిలో కూర్చున్నారేంటి?"

"మేడమ్... రివ్యూయర్ ఎవరో బయటపెట్టకూడదని సూచనల్లో ఉంటుందండీ..."

"చదివావా వాటిని?"

"లేదండీ."

"పనిని విమర్శించు, మనిషిని కాదు అని మొదటి పేజీలోనే ఉంటుంది. ఎలా తెలుసంటావా? ఆ సూచనలు వాళ్లకి రాసిచ్చింది నేనే! ఆ సీనియర్ సాయం అన్నారే, అదీ నేనే! అడిగి చావొచ్చుగా!"

బిర్యానీ మూత తీయలేదు. ముందు సూచనలన్నీ నాచేత పైకి చదివించారు. తరవాత నా రివ్యూ వెనక్కి తీసుకుంటున్నానని ఎడిటర్‌కి రాయించారు. ఈలోగా అన్నం చల్లారిపోయింది, మేడమ్ చల్లారలేదు.

పేపర్ ఇంకొకరి దగ్గరికి వెళ్లింది. ఆయన ఆ పోలిక లోపాన్నే మర్యాదగా ఒక్క వాక్యంలో అడిగారు. దాని కోసం ఆ ఊళ్లకి వెళ్లి, చేపల గంపల మధ్య కూర్చుని అందరి చేతులూ చూసొచ్చింది ఎవరో మీరు ఊహించే ఉంటారు. పేపర్ అచ్చయింది, క్లినిక్ నడుస్తోంది. నా చొక్కాలకీ వేరే బీరువా వచ్చింది.

ఆ బీరువా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చదవకుండా టిక్ పెట్టను. కోపంలో రివ్యూ రాయను. ఒకవేళ రాసినా, ఒకే తిట్టుని రెండు చోట్ల వాడను.