సెవిల్‌లో శ్రీధర్‌కి వచ్చిన మెయిల్

2023 వేసవి. టెక్సస్‌లో, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే నేను, ఏటా లాగే పాతికమంది తెలుగువాళ్ళను వెంటబెట్టుకుని బార్సిలోనాలో క్రూజ్ ఎక్కాను. ఓడ రేవులో ఆగిన రోజున ఊరు చూపించి సాయంత్రానికి తిరిగి ఎక్కించడాన్ని మా వృత్తిలో షోర్ ఎక్స్‌కర్షన్ అంటారు. ఆ రోజు కాదిజ్ రేవు నుంచి బస్సులో సెవిల్‌కి వెళ్ళాం.

గుంపులో శ్రీధర్, అతని భార్య సునీత, తొమ్మిదేళ్ళ పాప ఉన్నారు. శ్రీధర్‌ది హెచ్-1, అంటే ఉద్యోగం ఉన్నంతకాలమే చెల్లే వీసా. ప్రయాణానికి రెండు వారాల ముందు ఫోన్ చేశాడు.

“అక్కా, ట్రిప్ క్యాన్సిల్ చేసుకోవచ్చా? ఆఫీస్‌లో సిట్యువేషన్ ఏం బాలేదు.”

“ఎవరి ఆఫీస్‌లో బాగుంది చెప్పండి? ఇప్పుడైతే ఫుల్ పెనాల్టీ. ఇంట్లో కూర్చుని దిగులుపడే బదులు నాలుగు ఊళ్ళు చూడండి.”

ఫుల్ పెనాల్టీ అంటే గడువు దాటాక రద్దు చేస్తే కట్టిందంతా పోవడం. ఆ నిబంధన నాకు కంఠతా వచ్చు. వాదనలో నేను ఓడిపోవడం మా ఆయనే చూడలేదు, శ్రీధర్ ఎంత?

సెవిల్‌లో పెద్ద చర్చి చూసి బయటకొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. టెక్సస్‌లో అప్పుడే ఆఫీసులు తెరిచే వేళ. సునీత, పాప ఎదురు కొట్టులో విసనకర్రలు బేరమాడుతున్నారు. శ్రీధర్ నా పక్కన మెట్లమీద కూర్చుని ఫోన్ చూపించాడు. కంపెనీ మెయిల్. ఆ రోజుతో అతని ఉద్యోగం ముగిసింది.

“ఇంకోటి వెతుక్కోడానికి అరవై రోజులు ఇస్తారు కదా,” అన్నాను.

“అది అమెరికాలో ఉన్నవాళ్ళకి అక్కా. బయట ఉండగా జాబ్ పోతే ఈ వీసా మీద మళ్ళీ ఎంటర్ అవలేం. నాదీ, నా వీసా మీదే ఉన్న సునీతదీ అయిపోయినట్టే. పాప ఒక్కతే సిటిజన్. ఇప్పుడు దేశం దాటొద్దని లాయర్ ముందే చెప్పాడు.”

“ఆ ముక్క నాకెందుకు చెప్పలేదండీ?”

“ఆ రోజు ఫోన్లో చెప్పబోయాను. మీరేమో చూడాల్సిన ఊళ్ళ పేర్లు చదువుతూ పోయారు.”

 అప్పుడు కూడా నా అలవాటు పోలేదు. “సునీతకి ఇప్పుడే చెప్పండి,” అని వాదనకు దిగాను.

“ఓడెక్కాక చెప్తా. ఇంకా ప్యాలెస్ ఉందిగా, చూడనివ్వండి. మీరు మా డాలస్ టికెట్లు హైదరాబాద్‌కి మార్చండి, చాలు.”

ఇంతలో సునీత వచ్చింది. “ఏంటక్కా, ఇద్దరూ ఎండలో కూలబడ్డారు? నడిచింది రెండు వీధులేగా.”

“ఈయనకి కాళ్ళు పీకుతున్నాయట,” అన్నాను.

ప్యాలెస్ తోటలో ఆమె శ్రీధర్‌నీ పాపనీ నారింజ చెట్టు కింద నిలబెట్టి ఫోటో తీసింది. “కాస్త నవ్వండి బాబూ. ఫ్రేమ్ కట్టించి మన హాల్లో పెడదాం.” బెంచీ మీద కూర్చుని వాళ్ళ మూడు టికెట్లూ మారుస్తూ ఆ మాట విన్నాను.

మర్నాడు వాళ్ళు భోజనానికి రాలేదు. ఓడ దిగి వాళ్ళు హైదరాబాద్ వెళ్ళారు. నేను డాలస్‌లో దిగాక, శ్రీధర్ ఇచ్చిన తాళంతో వాళ్ళ కారును ఎయిర్‌పోర్ట్ పార్కింగ్ నుంచి నేనే ఇంటికి చేర్చాను. వెనక సీట్లో పాప లైబ్రరీ పుస్తకాలున్నాయి.

ఇరవయ్యేళ్ళ కిందట మేమూ ఆ వీసా మీదే వచ్చాం. ఆ భయం తెలియదని బుకాయించలేను. గ్రీన్‌కార్డు వచ్చాక మర్చిపోయాను, అంతే. ఇప్పుడు ఎవరైనా క్యాన్సిల్ అంటే ముందు ఎందుకని అడుగుతాను. మీకెందుకండీ అని కసురుకునేవాళ్ళున్నారు. కసురుకోనీ. జవాబు పూర్తిగా వినేదాకా పెనాల్టీ ఊసెత్తను.