టర్బైన్లు తినే కడ్లెచిక్ గారు

అలోయిస్ కడ్లెచిక్ గారు టర్బైన్లు తినేవారు. ఇందులో అతిశయోక్తి ఏమైనా ఉంటే అది లెక్కలోనే. నూట నలభై తిన్నారని కొందరు, మూడు వందలు దాటాయని కొందరు. అడిగితే ఆయన, "ఖాళీ అయిన ఉప్పు డబ్బాలు లెక్కపెట్టుకోండి" అనేవారు.

ఆయన పనిచేసేది చెక్ దేశంలోని బ్రనో ఊరి చివర, కార్ల టర్బోచార్జర్లకు చక్రాలు రూపొందించే ఆఫీసులో. అందరూ కంప్యూటర్ల ముందే కూర్చునేవారు. ఆయనా కూర్చునేవారు. కాకపోతే తెర మీద చక్రం పూర్తయ్యాక మిగతావాళ్లు బటన్ నొక్కి దాన్ని, ఒకసారి ఎక్కితే చెరగని నమూనాల రిజిస్టరుకు పంపేవారు, ఆయన సొరుగులోంచి నూల్‌కోల్ గడ్డ తీసేవారు. తొక్క చెక్కి, తెర వంక చూస్తూ, చిన్న కత్తితో పదకొండు రేకులనూ వంపులతో సహా చెక్కేవారు. అల్లికసూదికి గుచ్చి ఉఫ్‌మని ఊదేవారు. గిర్రున తిరిగితే తల పంకించి, ఉప్పద్దుకుని కరకర నమిలేసేవారు. తన చక్రాలే కాదు, పక్కవాళ్లవీ వదిలేవారు కాదు. ఆయన భార్య బ్లజెనా పెరట్లో సగం మళ్లు ఇంజనీరింగు శాఖకే పోయేవి.

ఒకసారి కార్ల కంపెనీ పెద్దమనిషి ఒకాయన వచ్చి, "కొత్త నమూనా ఏదైనా చూడొచ్చా?" అని అడిగాడు.

"ఓ పావుగంట ముందొచ్చి ఉండాల్సింది" అన్నారు కడ్లెచిక్ గారు, మూతి తుడుచుకుంటూ.

ఆ ఆఫీసులో కొత్తగా చేరిన ఇవెటాకు ఇదంతా మొదట్లో నవ్వులాటగా ఉండేది. మూడో నెలకు చిరాకు మొదలైంది. ఆమె పరీక్షా కాలం మూడు నెలలు. ఈలోగా రెండు నమూనాలు తప్పని వెనక్కొస్తే ఇంటికి పోవలసిందే. ఒకటి అప్పటికే వచ్చింది. ఇంకో నమూనా ఆ బుధవారం పది గంటలకల్లా రిజిస్టరుకు ఎక్కాలి. తొమ్మిదింబావుకు ఆమె బటన్ మీద వేలు పెట్టింది.

"ఆగు అమ్మాయ్" అన్నారు కడ్లెచిక్ గారు, గడ్డ తొక్క తీస్తూ. "నాది ఇంకా కాలేదు."

"కంప్యూటర్ అన్నీ సరిచూసిందండీ. వాయువు ఎలా పారుతుందో, వేడికి రేకు ఎంత సాగుతుందో, అన్నీ. ఒక్క ఎర్రగీత కూడా పెట్టలేదు."

"అది భోంచేయదు కదమ్మా. దానికేం తెలుస్తుంది?"

"కడ్లెచిక్ గారూ, ఈసారి కాస్త వెన్న కూడా తెచ్చుకోవలసింది" అన్నాడు పక్క బల్ల ఓటా.

"నీ చక్రాలకు తెచ్చుకుంటాలేరా. అవి ఊరికే గొంతు దిగవు."

ఇవెటా పళ్లు కొరుక్కుంటూ గడియారం చూసింది. ఈ ముసలాయనకు కంప్యూటరంటే పడదు, ఆ కోపం తన మీద తీర్చుకుంటున్నాడు అనుకుంది. ఒక్కో రేకుకూ ఒక్కో యుగం పట్టినట్టుంది. చివరికి ఆయన సూదికి గుచ్చి ఊదారు. చక్రం చక్కగా తిరిగింది.

"చూశారా!" అంది ఇవెటా.

"చూశాను. ఇప్పుడు నువ్వు సూది ఆ చివరికొచ్చి చూడు."

ఆమె అటు వెళ్లి నిలబడింది. అటునుంచి చూస్తే అదే చక్రం గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతోంది, ఆమె మొహం పాలిపోయింది.

టర్బోచార్జరులో ఒకే ఇరుసుకు రెండు చివర్లా రెండు చక్రాలుంటాయి. ఇంజను పొగకు తిరిగేది ఇటు, ఇంజనుకు గాలి పంపేది అటు. ఏ చక్రాన్ని ఆ చక్రం వైపు నిలబడి గీస్తారు. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరిలో ఒకరి కుడి రెండోవారికి ఎడమ. ఇవెటా ఆ సంగతి మరిచి, రెండింటినీ గడియారం ముల్లు తిరిగే వైపే గీసింది. అంటే ఒకటి ముందుకు లాగితే రెండోది వెనక్కి పోవాలి. కంప్యూటరుకు తప్పు దొరకలేదంటే దొరకదు మరి, అది ఒక్కో చక్రాన్నీ విడిగానే చూస్తుంది. అద్దంలోని చక్రం కూడా విడిగా చూస్తే అంత బాగానే తిరుగుతుంది.

"నేను నొక్కేసి ఉంటే..." అంది ఇవెటా.

"అది నీ పేరు పక్కన రాసి పెట్టుకునేది. నువ్వు రిటైరయ్యాక కూడా చెరగదు" అన్నారాయన, తెర వైపు గడ్డం ఊపి. "దీన్నయితే మధ్యాహ్నానికి అరిగించుకుంటాను. వెళ్లు, తిరగేసి గీయి. అరగంట సమయముంది."

సరిగ్గా అప్పుడే శాఖాధికారి హెద్వికా మేడమ్ తలుపు తీసుకుని వచ్చింది. ఆమె నవ్వగా చూసినవాళ్లు ఆ ఆఫీసులో లేరు.

"కడ్లెచిక్ గారూ, ఆ చేతిలోది ఇలా ఇవ్వండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, పదకొండు రేకుల చక్రాన్ని ఉప్పయినా లేకుండా మొత్తంగా నోట్లో పెట్టేసుకున్నారు. బుగ్గలు రెండూ బంతుల్లా ఉబ్బాయి.

"ఎలా ఉంది?" అంది హెద్వికా మేడమ్.

ఆయన బొటనవేలు పైకెత్తి చూపించారు.

ఇవెటా ఇక ఉండలేకపోయింది. "మేడమ్, తప్పు నాది. చక్రం..."

కడ్లెచిక్ గారు బల్ల కింద ఆమె కాలు తొక్కారు.

"రిజిస్టరుకు ఎక్కిందా?" అని అడిగింది హెద్వికా మేడమ్.

"లేదు."

"ఎక్కనిది నాకెందుకు చెబుతున్నావ్? పది గంటలకు సరైనది పంపు." వెళ్లబోయి ఆగింది. గొంతు తగ్గించింది. "ఇరవై రెండేళ్ల కిందట నాదీ ఒకటి తిన్నారు. నడి చలికాలం, గడ్డలు దొరకలేదు. ఘాటైన నల్లముల్లంగితో చెక్కారు. కళ్లవెంట నీళ్లు ధారలు కడుతున్నా, అప్పటి అధికారి ఎదురుగా ఒక్క ముక్క మిగల్చకుండా నమిలారు."

కడ్లెచిక్ గారు అప్పటికి ఎలాగో గుటక వేశారు.

"ఒకటి కాదు హెద్వికా, నాలుగు" అన్నారు.

మేడమ్ చెవులు ఎర్రబడ్డాయి. ఇవెటా నవ్వు కనబడకుండా గబగబా తెర వైపు తిరిగి, చక్రాన్ని తిరగేయడం మొదలుపెట్టింది.