బావగారు ఖాళీ వదిలిన గడి

నవంబరు 15, శనివారం. ఎండ. గాలి లేదు. వైద్య కళాశాల, శరీర నిర్మాణ విభాగం, ఉదయం పదకొండు గంటలు. వెళ్లినవారు: అక్కయ్య, ఆవిడ కూతురు, నేను. అక్కడ కలిసినవారు: విభాగం పెద్ద మేడమ్ గారు, ప్రదర్శన చూపించిన వైద్య విద్యార్థిని.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. యాభై ఏళ్లుగా ఇదే వరస. ముందు తేదీ, తర్వాత వాతావరణం, తర్వాత ఎవరెవరు ఉన్నారో. రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమస్తాగా చేరి హెడ్ గుమస్తాగా దిగినవాణ్ని. సాక్షులెవరో రాయకుండా ఏ సంగతీ మొదలుపెట్టలేను. ఆ మధ్యాహ్నం ఈ వరస రాస్తుంటే, బావగారిని కూడా చేర్చాలా అని పెన్ను ఆగింది. పోయి ఆరేళ్లయిన మనిషిని హాజరైనవారిలో రాయడం తప్పు. కానీ ఆయన అక్కడ ఉన్న మాట నిజం. చాలాసేపు చూసి, చివరికి రాయలేదు.

బావగారంటే మా అక్కయ్య భర్త. కొవ్వూరు హైస్కూల్లో సైన్సు మాస్టారు. "కాల్చి గోదాట్లో కలిపితే చేపలక్కూడా పనికిరాను. పిల్లలకిస్తే కోసుకుని చదువుకుంటారు కదోయ్" అనేవారు నాతో. సరదాకి అన్న మాట కాదు. పోవడానికి ఏడాది ముందు కళాశాల నుంచి దేహదానం ఫారం తెప్పించుకున్నారు. పోయిన రోజు కళాశాలకి ఫోన్ చేసింది నేనే. వ్యాన్ వచ్చింది. తలుపు వేస్తుంటే అక్కయ్య వాళ్లతో అన్న మాట డైరీలో ఉంది: "కుడికాలు జాగ్రత్త బాబూ, కదిపితే నొప్పెడుతుంది ఆయనకి."

దేహం లేకుండా కర్మలు ఎలాగని అక్కయ్యకి బెంగ పట్టుకుంది. బావగారికి ఈ తంతుల మీద నమ్మకం లేదు. ఆవిడకి ఉంది. పురోహితుడు గారు మోదుగాకులూ దర్భలూ పేర్చి మనిషి నిడివి బొమ్మ కట్టారు. తలకి కొబ్బరికాయ పెట్టారు. గోదావరి గట్టున దానికే బావగారి తమ్ముడి కొడుకు నిప్పు పెట్టాడు. "దహనం అయినట్టేనమ్మా. ఎప్పుడైనా అస్థి దొరికితే మాత్రం మళ్లీ చెయ్యాలి. ఎక్కడ దొరుకుతుంది లెండి" అన్నారాయన. రెండేళ్లకి, అధ్యయనం పూర్తయిందని కళాశాల నుంచి ఉత్తరం వచ్చింది. ఇంక వాళ్లే కాల్చేసి ఉంటారని అందరం అనుకున్నాం. ఒక్కరం కూడా అడగలేదు.

ఈ నవంబరులో పేపరుతోపాటు ఒక కరపత్రం వచ్చింది. మానవ శరీర ప్రదర్శన, రెండు రోజులు, అందరికీ ప్రవేశం. అక్కయ్యకి చదివి వినిపించాను. "పోయాక కూడా ఆయన బడికే వెళ్లారు కదరా. ఆ బడి ఎలా ఉంటుందో ఒక్కసారి చూసొస్తాను" అంది. ఎనభై దాటిన మనిషి. వద్దనడానికి కారణం దొరకలేదు.

హాల్లోకి అడుగుపెట్టగానే మందు వాసన ముక్కు పట్టుకుంది. దానిమీద ఎవరో మల్లెపూల సెంటు కొట్టారు. రెండూ కలిసి గొంతులో ఆగిపోయాయి. బల్లల మీద వరసగా గాజు సీసాలు. గుండె, ఊపిరితిత్తులు, నిలువునా కోసిన తల. సగం మొహం వైపు కన్ను మూసి ఉంది, నిద్రపోతున్నట్టు. స్కూలు పిల్లలు వంద మందికి తక్కువ ఉండరు. ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు. నేను ఊపిరితిత్తుల దగ్గర ఆగి, పొగ తాగినవాడిదీ తాగనివాడిదీ తేడా చూశాను. నిజం చెప్పాలంటే ఆసక్తిగానే చూశాను.

చివర్న ఒక అద్దాల బీరువా. అందులో నిలబెట్టిన ఎముకల గూడు. నడినెత్తిన ఇనప కొక్కెం. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి పిల్లలకి చెబుతోంది:

"ఈ తాతగారంటే మా కాలేజీ అంతటికీ ఇష్టం. మేం ఎన్ని తప్పులు చెప్పినా నవ్వుతూనే ఉంటారు."

పిల్లలు గొల్లుమన్నారు. "ఒరేయ్, మన లెక్కల మాస్టారు కూడా లోపల ఇలాగే ఉంటార్రా?" అన్నాడొకడు. "ఆయన బయట కూడా ఇలాగే ఉంటారెహె" అన్నాడు ఇంకొకడు. అక్కయ్య కూడా నవ్వింది. "మా ఆయనయితేనా, ఈపాటికి బెత్తం తీసేవారమ్మా" అంది ఆ అమ్మాయితో.

నేను నవ్వలేదు. కుడి తొడ ఎముక మీద స్టీలు ప్లేటు ఉంది. ప్లేటుకి ఎనిమిది బెజ్జాలు, ఏడు స్క్రూలు. పైనుంచి నాలుగోది ఖాళీ. బావగారు కాలవగట్టు మీద మోపెడ్ మీంచి పడిన ఏడాది ఆస్పత్రిలో తోడున్నది నేనే. డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి, "ఆ నాలుగోచోట ఎముక నెర్రె ఇచ్చిందండి, స్క్రూ వెయ్యలేదు" అని చూపించారు. అది కూడా ఆరోజు రాసుకున్నాను. కింద అట్టముక్క మీద ఇలా ఉంది: పురుషుడు, డెబ్బై ఎనిమిదేళ్లు, స్వచ్ఛంద దానం.

"ఏంటిరా, అలా నిలబడిపోయావు?" అంది అక్కయ్య.

"ఏం లేదక్కా. వెళ్దాం పద."

ఆవిడ కదల్లేదు. నా చూపు ఎక్కడుందో అక్కడికి ఆవిడ చూపు వెళ్లింది. ఏడేళ్లు ఆ కాలికి నూనె రాసిన మనిషి. అద్దానికి దగ్గరగా వెళ్లి, ప్లేటుకి ఎదురుగా వేలు పెట్టి, పైనుంచి కిందకి మెల్లగా జరిపింది. వెనకనుంచి మేనకోడలు నా మోచెయ్యి పట్టుకుంది. "మావయ్యా, నాన్నేనా?" అంది. అవునని తల ఊపాను.

తెల్లకోటు అమ్మాయికి సంగతి అర్థమై మొహం పాలిపోయింది. పిల్లల్ని వేరే బల్ల దగ్గరికి తోలి, పరిగెత్తుకెళ్లి మేడమ్ గారిని పిలుచుకొచ్చింది. ఆవిడ మంచి మనిషి. అక్కయ్యని చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్లి, మంచినీళ్లు ఇప్పించారు.

"ఏటా మొదటి క్లాసు రోజున పిల్లలందరిచేతా వీరికి దణ్ణం పెట్టిస్తామండి. చులకనగా ఎవరూ చూడరు."

"ఇప్పుడు చూశాం కదమ్మా" అంది మేనకోడలు.

అక్కయ్య ఆ మాట పట్టించుకోలేదు. "చదువుకోవడానికి ఇచ్చారు, నాకు తెలుసు. ఇలా అందరి ముందూ నిలబెట్టడానికి కూడా ఒప్పుకున్నారా ఆయన? అదొక్కటి చెప్పండి" అంది.

మేడమ్ గారు ఫైలు తెప్పించారు. ఫారంలో రెండు గడులు. మొదటిది, విద్యార్థుల అధ్యయనానికి. రెండోది, ఆ తర్వాత ఎముకలనూ అవయవాలనూ ప్రజలకు చూపించడానికి. రెండింటికీ ఎదురుగా నీలి సిరాతో "సమ్మతమే" అని ఉంది. కింద బావగారి సంతకం, వణుకుతూ.

అక్కయ్య కళ్లజోడు సర్దుకుని చదివింది. "రాత నీదే కదరా."

"ఫారమంతా నేనే నింపానక్కా. బావగారికి చెయ్యి వణికేదిగా."

"ఆయన చెబితేనేగా రాశావు?"

నేను తల ఊపాను. నోటితో అనలేదు కాబట్టి అబద్ధం కాదని నాకు నేను చెప్పుకోలేను. ఆ గదిలో అందరూ దాన్ని సాక్ష్యంగానే తీసుకున్నారు.

"అయితే సరే. ఆయనిష్టం" అని అక్కయ్య ఫైలు వెనక్కి ఇచ్చేసింది. లేస్తూ అడిగింది: "మరి ఆ సీసాల్లో వాళ్లూ? వాళ్లూ రాసిచ్చారా అమ్మా?"

"అవి చాలా పాతవండి. స్టేషన్ దగ్గరా, గోదాట్లోనూ దొరికినవాళ్లు. వాళ్ల కోసం ఎవరూ రాలేదు. అప్పట్లో అడిగే పద్ధతి లేదండి."

"ఎవరూ రాకపోతే మీ సొంతమైపోతారా?" అంది అక్కయ్య.

కారు మేనకోడలు నడుపుతోంది. అక్కయ్య పక్కన కూర్చుని హుషారుగా మాట్లాడుతోంది. అది చూసే నాకు భయం వేసింది. "పురోహితుడు గార్ని అడగాలి. అస్థి దొరికితే మళ్లీ చెయ్యాలన్నారు కదా. అద్దంలోంచి చూస్తే దొరికినట్టా కాదా?" అంది. కూతురు "అమ్మా, ఊరుకోవే" అంటే, "ఊరుకోక ఏం చేస్తాను? ఆయన రాసిచ్చారు కాబట్టి ఊరుకున్నాను. లేకపోతే ఈపాటికి ఒళ్లో పెట్టుకుని తెచ్చేసుకునేదాన్ని" అంది. నన్ను రాజమండ్రిలో మా ఇంటి దగ్గర దింపి, వాళ్లు వంతెన దాటి కొవ్వూరు వెళ్లిపోయారు.

మూడు గంటలకి బీరువాలోంచి ఫారం నింపిన ఏడాది డైరీ తీశాను. వెతకక్కర్లేకుండానే పేజీ దొరికింది. స్క్రూలు లెక్కపెట్టినప్పటినుంచీ నాకు జ్ఞాపకమే. అయినా అక్షరాలు చూడాలనిపించింది. ఇలా ఉంది: "బావగారి ఫారం నింపాను. మొదటి గడికి సమ్మతమే అన్నారు. రెండోది అడిగితే, ఆలోచించి చెబుతానోయ్, అది వదిలెయ్ అన్నారు. సంతకం పెట్టారు. ఇంటికి తెచ్చి చూసుకుంటే రెండో గడి ఖాళీ. ఖాళీతో పంపితే తిప్పి పంపుతారని అందులోనూ సమ్మతమే అని రాసి పోస్టు చేశాను."

మా ఆఫీసులో మొదటి పాఠం అదే. దస్తావేజులో ఖాళీ వదలకూడదు. వదిలితే రేపు ఎవడో వచ్చి తనకి కావలసినది రాసుకుంటాడు. ఖాళీ ఉంటే నింపాలి, లేదా అడ్డంగా గీత కొట్టెయ్యాలి. ముప్పై ఆరేళ్లు ఇతరుల కాగితాల్లో ఖాళీలు పట్టుకుని తిప్పి పంపినవాణ్ని. ఆరోజు గీత కొట్టినా సరిపోయేది. కొట్టలేదు. గీత కొడితే బావగారు వద్దన్నట్టు కనిపిస్తుందనీ, అలాంటి పెద్దమనిషి వద్దంటారా అనీ అనుకున్నట్టున్నాను. ఆలోచించి చెబుతానన్న మాట కూడా ఒక జవాబేనని తట్టలేదు. పొలం గట్టుకి హద్దులు రాసే కాగితమూ, మనిషి తన ఒంటి గురించి రాసే కాగితమూ నాకు ఒకేలా కనిపించాయి. తర్వాత ఆయన ఏడాది బతికారు. నేను మళ్లీ అడగలేదు.

ఆ పిల్లలు నేర్చుకోలేదని అనను. నేనూ నేర్చుకున్నాను. బావగారిని అడిగుంటే ఒప్పుకునేవారేమో కూడా. కానీ ఆ "ఏమో" ఆయనది. దాన్ని నేను తీసుకున్నాను. ఇప్పుడు చెబితే అక్కయ్యకి కుదుటపడిన మనసు చెదురుతుంది. చెప్పకపోతే, నేను రాసిన మాటని ఆయన మాటనుకుని బతుకుతుంది. సాయంత్రం దాకా రెండువైపులా వాదించుకున్నాను. పేజీలో రాయడానికి ఏమీ తేలలేదు.

మర్నాడు, ఆదివారం, ఏడున్నరకి ఆటోలో వంతెన దాటాను. సంచిలో డైరీ. అక్కయ్య వసారాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కూర్చోకుండానే ఆ పేజీ చదివాను.

"మళ్లీ చదువు" అంది. చదివాను.

"ఆలోచించి చెబుతానన్నారా?"

"అవునక్కా."

"చెప్పారా?"

"లేదు. నేనూ అడగలేదు."

"నిన్న తలూపావు."

"ఊపాను."

నా వైపు చూడలేదు. చిక్కుళ్లు పక్కకి జరిపి, చేతులు కడుక్కుని, కూతుర్ని పిలిచింది. "కారు తియ్యవే. తలుపులు తెరిచేలోగా అక్కడుండాలి."

వెళ్లేసరికి గేటు బయటే రెండు స్కూళ్ల పిల్లలు వరసలో ఉన్నారు. మేడమ్ గారు డైరీ పేజీ చదివి, నిన్నటి ఫైలు తెప్పించి పక్కన పెట్టి చూశారు. తర్వాత అన్నారు: "ఇప్పటికిప్పుడు తియ్యలేనండి, ప్రిన్సిపాల్ గారి ఆర్డరు కావాలి. ఆ మాట మీరే రాశారని రాసివ్వండి, పంపుతాను. కానీ ఒకటి ఆలోచించుకోండి. ఇది చూశాక మొదటి గడిలో మాట ఎవరిదని కూడా అడుగుతారు. రెండూ మీ చేతిరాతే కదండీ."

పిల్లల చదువుకి పనికిరావాలని ఆయన కోరుకున్న ఆ ఒక్కదాన్నీ నా కాగితం చెడగొట్టవచ్చని నాకప్పుడు అర్థమైంది. అయినా తెల్లకాగితం అడిగాను. మొదటి రెండు వాక్యాలు రాసి తలెత్తితే, అక్కయ్య కుర్చీ ఖాళీగా ఉంది. తలుపులు తెరిచేశారు. హాల్లోంచి పిల్లల గోల వినిపిస్తోంది.

వెళ్లి చూశాను. అక్కయ్య బీరువా ముందు, అద్దానికి వీపు ఆనించి నిలబడి ఉంది. కొంగు రెండు చేతులతో విప్పి వెడల్పుగా పట్టుకుంది. ఆవిడ పొట్టి మనిషి. మోకాళ్లనుంచి భుజాల దాకా కప్పగలిగింది గానీ, ఆవిడ తలమీదనుంచి ఆ పుర్రె కనిపిస్తూనే ఉంది.

"అమ్మమ్మగారూ, కాస్త పక్కకి జరుగుతారా? పిల్లలకి కనబడట్లేదండి" అంది తెల్లకోటు అమ్మాయి, ఏడుపు గొంతుతో.

"ఆయనింకా చెప్పలేదమ్మా" అంది అక్కయ్య.

ముందున్న పిల్లలు ఆగిపోయారు. వెనకవాళ్లు తోస్తున్నారు. వరసలో ఎవరో ఫోను పైకెత్తి ఆవిడ్ని ఫొటో తీశారు. ఆ వెంటనే ఇంకొకళ్లు తీశారు.