ఫోర్క్‌లిఫ్ట్‌కి హారతి

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదని గట్టి నమ్మకం. బడి మొహం చూడకుండా అమ్మ దగ్గరే చదువుకుని, ఓపెన్ స్కూల్లో ఇంటర్ గట్టెక్కి, నాంపల్లి స్టేషన్ వెనక కాగితాల గోదాములో మొదటి ఉద్యోగం సంపాదించాను. మూడు నెలలు సరిగ్గా చేస్తే పర్మనెంటు అన్నారు. (ఆ మూడు నెలల్లో దేవుడికి నేను పెట్టుకున్నన్ని అర్జీలు ఏ ఆఫీసుకీ వచ్చి ఉండవు.) కట్టలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ గ్యాస్‌తో నడిచేది. దాని వెనక పడుకున్న సిలిండర్ మార్చేటప్పుడు సబ్బునీళ్ళ మగ్గుతో నిలబడటం నా పనుల్లో ఒకటి.

బండి నడిపే చాచా మొదటి రోజే పాఠం చెప్పాడు. "ముందుగాల వాల్వ్ బంద్ జెయ్యాలె బేటీ. ఇంజన్ దానంతటదే ఆగేదాంక నడవనియ్యాలె, పైపుల గ్యాస్ కాలిపోతది. గప్పుడు గ్లౌజులేసుకొని విప్పాలె. కొత్తది బిగించినంక సబ్బునీళ్ళు పుయ్యాలె, బుడగలొస్తే లీకున్నట్టు. గ్యాస్ పైకి పోదు, కిందనే పరుచుకుంటది. జర యాదుంచుకో." యాదుంచుకోవడమే కాదు, 'బీడీ, సిగరెట్, అగ్గిపెట్టె నిషేధం' అని గుండ్రటి అక్షరాలతో బోర్డు రాసి తగిలించింది కూడా నేనే.

ఆయుధపూజ రోజు పొద్దున్నే బండికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాను. చాచా కొత్త సిలిండర్ బిగించి, వాల్వ్ కొంచెం తిప్పి, "సబ్బునీళ్ళు తే బేటీ" అన్నాడు. ఒక్క నిమిషమని చెప్పి, మగ్గు కింద పెట్టి, నాలుగడుగుల అవతల పళ్ళెంలో కర్పూరం వెలిగించాను. బోర్డు మీద హారతి నిషేధమని లేదు కదా. (నిజంగా అలాగే అనుకున్నాను. హారతి నా లెక్కలో నిప్పు కాదు, భక్తి.) అడుగు ముందుకు వేసేలోపే చాచా మగ్గెత్తి పళ్ళెం మీదా, నా తల మీదా, నేను కట్టుకున్న అమ్మ పట్టుచీర మీదా కుమ్మరించాడు. మిగిలిన నురగ సిలిండర్ మూతి దగ్గర పూశాడు. బుడగలు ఒకదాని మీద ఒకటి ఉబ్బాయి. వాల్వ్ కట్టేసి, నేల మీద కూలబడి, "నాకు ముగ్గురు మనవరాళ్ళున్నరు బేటీ" అన్నాడు. అంతే.

మేనేజర్ సార్ గుమ్మంలో నిలబడి ఉన్నారు. "పూజ అయింది సార్, గంతే" అన్నాడు చాచా. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"గా బోర్డు రాసింది నువ్వే కదమ్మా?"

"ఔ సార్."

"నీ భక్తిని నేనేమంట. రేపట్నుంచి మాత్రం రాకు."

తడిసిన పట్టుచీరతో, సబ్బు వాసనతో నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా ఏడుస్తూ నడిచాను. పండగ రోజు ఇంత ఏడ్చే ఆడపిల్లను చూసి జనం దారి ఇచ్చారు. ఇరవై ఏళ్ళకే బతుకు అయిపోయిందనిపించింది. నన్ను ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు?

అమ్మ అంతా విని తిట్టలేదు. లేచి వంటింట్లోకి పోయింది. వెనకే వెళ్ళాను. మా దేవుడి గూడు సరిగ్గా గ్యాస్ బండ పక్కనే, నేల మీద నుంచి జానెడెత్తున. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ రోజూ అక్కడే దీపం.

"ఇన్నేండ్లు పూజలందుకుంట కూసున్నడనుకున్న," అంది అమ్మ, "మనల్ని కావలి కాస్తున్నడు గావచ్చు."

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి దేవుళ్ళను ముందు గదిలోకి మార్చాం. ఆ ఉద్యోగం మళ్ళీ రాలేదు. దసరా దండంలో చాచాకు, ఆయన మనవరాళ్ళకు ఇప్పటికీ వాటా ఉంది. పళ్ళెం పట్టుకుని సిలిండర్ వైపు నడిచిన ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే నేనూ తిట్టను. పళ్ళెం మెల్లగా అందుకుని, తల తుడుస్తాను.