పెండ్లికి ముందే వచ్చిన షుగరు

ఊళ్లను బాగుచెయ్యడం నా చేతుల్లోనే ఉందనీ, ఆ చేతుల్లో ఒక రిజిస్టరూ రెండు పెన్నులూ ఉంటే చాలనీ నేను గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీ అయ్యి ఏడాది కూడా కాలేదు. శంషాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం. (అందులో స్వచ్ఛందంగా చేరింది నేనొక్కణ్నే అనుకుంటా, మిగతావాళ్లంతా ఎవరో ఒకరి బామ్మర్దులు.) నా హోదా పేరు కమ్యూనిటీ మొబిలైజర్. మా అమ్మ మాత్రం వాడకట్టంతా "మావోడు మొబైల్ కంపెనీల చేస్తుండు" అని చెప్పుకునేది. నేను సరిదిద్దలేదు. మొబైల్ కంపెనీ అంటే కనీసం సంబంధాలైనా వస్తాయి.

మా పెద్ద సారు హైదరాబాదు నుంచి కారులో వచ్చి, స్లైడ్లు చూపించి, అదే కారులో వెళ్లిపోయేవాడు. అందుకే చాటుగా ఆయన్ను స్లైడు సారు అనేవాళ్లం. ఆయన స్లైడ్లలో పల్లె ఎప్పుడూ ఒక బాణం గుర్తెక్కి పైకి పోతూ ఉండేది. నిజానికి నాకు అప్పగించిన ఎయిర్‌పోర్టు పక్క ఊళ్లో పైకి పోయేవి విమానాలే. పొలాలు ప్లాట్లయ్యాక, పొద్దంతా మడిలో వంగి లేచిన మనుషుల్లో కొందరు అరుగుల మీద కూర్చున్నారు, కొందరు ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనికి పోయారు. కూర్చున్నవాళ్లకూ షుగరొచ్చింది, నిలబడ్డవాళ్లకూ షుగరొచ్చింది. అభివృద్ధి అందరికీ సమానంగా అందాలని స్లైడు సారు ఊరికే అనలేదు.

ఆ ఊళ్లో నేను పెద్దమ్మా అని పిలిచే ఒకావిడ ఉండేది. చుట్టరికమేం లేదు, ఆమె అరుగు మీద కూర్చొని నేను రిజిస్టరు నింపుకునేవాణ్ని, అంతే. కాంట్రాక్టరు కింద ఎయిర్‌పోర్టులో తుడిచే పని ఆమెది. కాలి బొటనవేలి పక్క వేలికి పుండు పడి నెల దాటినా మానలేదు. "ముల్లు గుచ్చుకుంటే ఉమ్మి రాసుకొని నాటేసిన కాలు బిడ్డా ఇది. గా నున్నటి బండల మీద వాళ్లిచ్చిన బూట్లేసుకొని తిరిగితే గిట్లయింది, సూడు" అని చూపించింది. షుగరేమో, పరీక్ష చేయించుకో పెద్దమ్మా అన్నాను. అంతే, కొంగు దులిపి లేచింది. "నీకేం పోయింది? సూపర్‌వైజర్‌కు తెలిస్తే బీమారి మనిషివి, రేపటి సంది రాకు అంటడు. ఇగ నా ఇల్లెవరు నడుపుతరు, నీ రిజిస్టరా?"

రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాను. పుండు మాత్రం నల్లబడుతోంది.

అంతలో స్లైడు సారు ఆ ఊళ్లోనే షుగరు శిబిరం పెట్టమన్నాడు. బడి ముందు టెంటు వేశాం, బ్యానరు కట్టాం. మా దిక్కు కొబ్బరికాయ కొట్టకుండా ఏ పనీ మొదలుకాదు. కొబ్బరికాయ కొట్టాక బెల్లం, పుట్నాలు పంచకపోతే కొట్టినట్టే కాదు. (బెల్లంతో ప్రారంభమైన షుగరు శిబిరం భూమ్మీద మాదొక్కటే అయ్యుంటుంది.) బెల్లం ముద్దలు విరిచి పంచే పని నాదే. ఆడవాళ్లంతా చెయ్యి చాపి ప్రసాదం తీసుకున్నారు, ఆ చెయ్యి షుగరు చూసే మిషిను ముందు చాపమంటే మాత్రం గోడ నీడకు జరిగారు. అందరికన్నా వెనక పెద్దమ్మ, చీరంచు కింద కాలు దాచుకొని.

స్లైడు సారు గడియారం చూసుకున్నాడు. "ముందు నువ్వు చేయించుకోవయ్యా, వాళ్లకు ధైర్యం వస్తుంది. ఫోటో, ఫోటో!" నేను చెయ్యి ప్యాంటుకు తుడుచుకొని, వీరుడిలా వేలు చాపాను. పరీక్ష చెయ్యడానికి దవాఖాన నుంచి వచ్చిన సిస్టరక్క దూది కోసం వెతుకుతుంటే సారు "ఇటు చూడమ్మా, కెమెరా" అన్నాడు. ఆమె అటు చూస్తూనే ఇటు పొడిచింది. మిషిను నాలుగు వందల ఇరవై చూపించింది. సారు దాన్ని మైకులో చదివాడు.

టెంటంతా నా వైపు తిరిగింది. తర్వాత మొదలైంది.

"అయ్యో, పోరనికి పెండ్లి గూడ కాకపాయె!"

"ఇంటింటికి చాయ్ తాగితె రాదా మరి? మా ఇంట్ల అడిగి మరీ రెండో గిలాస తాగిండు."

"గంత సన్నగుంటడు గదనే, అంత షుగరు యాడ దాసిండు?"

నేను మిషిన్లో ఆ అంకెనే మళ్లీ మళ్లీ చూసుకుంటున్నాను. అప్పుడు పెద్దమ్మ కుంటుకుంటూ ముందుకొచ్చి నా తల నిమిరింది. "భయపడకు బిడ్డా. గింత పోరనికే వచ్చినంక నాకు సిగ్గేంది? తియ్యి సిస్టరూ, నాకు గూడ సూడు." ఆమె వెనకే వరస కట్టారు. సిస్టరక్క ఏం అనుమానించిందో, బకెట్టూ సబ్బూ తెప్పించి అందరి చేతులూ కడిగించింది. కడిగిన వేలికే పెద్దమ్మకు మూడు వందల ఎనభై వచ్చింది. కాలు చూసి సిస్టరక్క "రేపే దవాఖానకు పోవాలె" అంది. పెద్దమ్మ నన్ను చూపించి, "గీ పోరడు వస్తె వస్త" అంది.

తర్వాత సిస్టరక్క నన్ను బడి వెనక్కి పిలిచి, చెయ్యి కడిగించి, మళ్లీ పొడిచింది. తొంభై నాలుగు. "బెల్లం వేలు పెట్టినవ్ తమ్మీ! దా, మైకుల చెప్పిస్త."

"వద్దక్కా! మిషిన్‌దే తప్పని అందరూ లేచిపోతరు. ముందు పెద్దమ్మే పోతది."

"మరి నీ బతుకో?"

ఇదంతా నా త్యాగమని రాసుకోవాలని ఉంది. కానీ అప్పటికే నా ఫోటో సారు ఫోను నుంచి ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది, కాదని చెప్పడానికి ఆయనంటే భయం కూడా వేసింది.

ఇగ నా కథ మొదలైంది. ప్రతి వారం పెద్దమ్మను బండి మీద దవాఖానకు తీసుకుపోయి, ఆమె పక్కన చీటీ పట్టుకొని కూర్చునేవాణ్ని. (పేరు పిలిచే వేళకు టాయిలెట్టుకు పోయేవాణ్ని.) ఇంకో పది దినాలు ఆగితే వేలు తీసెయ్యాల్సి వచ్చేదన్నాడు డాక్టరు. సూపర్‌వైజర్‌కు తిరుపతి మొక్కు అని చెప్పి ఆమె సెలవు పెట్టింది. పొద్దున్నే రెండు గిలాసల కాకరకాయ రసం తీసేది. "నువ్వు తాగితెనే నేను తాగుత" అని పంతం. కళ్లు మూసుకొని తాగేవాణ్ని. ఊళ్లో ఏ ఇంటికి పోయినా చక్కెర లేని చాయ్, పైన జాలి. ఎవరి పెరట్లో కాకర కాసినా మొదటి కాయ నాకే. కొత్తూరు నుంచి ఖాయం కాబోయిన సంబంధం వెనక్కి పోయింది. "పిల్లగాడు మంచోడేనట, షుగరొక్కటేనట" అన్నారు. అమ్మకు నిజం చెబితే వాడకట్టుకు చెప్పినట్టే, అందుకే ఆమె కన్నీళ్లు పెట్టుకున్నప్పుడల్లా నేను బండి తీసుకొని బయటపడేవాణ్ని. ఇంతలో సంస్థ వార్షిక నివేదికలో పేజీ నిండా నా ఫోటో: 'సకాలంలో జబ్బు గుర్తించి మా సంస్థ కాపాడిన యువకుడు'. పెద్దమ్మ ముచ్చట ఒక్క వాక్యం లేదు. పుండు ఫోటోలో బాగా రాదట.

పుండు మానింది. మెత్తటి చెప్పులు వేసుకొని ఆమె మళ్లీ డ్యూటీకి పోయింది. ఆ సంస్థా పోయింది, నేనూ వేరే పనిలో పడ్డాను. కందుకూరు దాకా నా జబ్బు కబురు చేరలేదు కాబట్టి అక్కడి నుంచి పెండ్లీ అయింది.

మొన్న పెద్దమ్మ మనవరాలి బిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్టెల పండుగ చేస్తే మేమిద్దరం పోయాం. లడ్డూల గంప పట్టుకొని ఆమే వడ్డిస్తోంది. నా భార్య ఆకులో రెండు వేసి, నా దగ్గరికి రాగానే గంప పక్కకు తిప్పేసింది. "నీకొద్దు బిడ్డా. ఇన్నేండ్లు మంచిగ కంట్రోల్ల పెట్టుకున్నవ్, ఇప్పుడు ఖరాబ్ చేసుకోకు." నిజం తెలిసిన నా భార్య నోరు తెరిచింది. నేను కింద నుంచి కాలు తొక్కాను. పెద్దమ్మ చెప్పుల్లేని కాళ్లతో తర్వాతి ఆకుకు జరిగింది. అయిదు వేళ్లూ ఉన్నాయి, ఆ రెండోది కాస్త వంకర. రెండు పెన్నులతో ఊరిని ఉద్ధరిద్దామనుకున్న ఆ పిల్లగాడు ఉద్ధరించింది ఆ వంకర వేలొక్కదాన్నే, అది కూడా చెయ్యి కడుక్కోక.

నా భార్య ఒక లడ్డూను నా ఆకు మీదికి తోసింది. పెద్దమ్మ వెనక్కి తిరుగుతుందేమోనని దాన్ని అప్పడం కింద దాచాను.