గట్టిమేళం అడిగిన పెదమావయ్య

మా పెదమావయ్యగారు పోయారు. మొన్న గురువారం పొద్దున్న నేను రామచంద్రపురంలో కాఫీ తాగుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "మీ పెదమావయ్యగారు వెళ్ళిపోయేర్రా" అంది. ఏడుపు దిగమింగుకుని వెంటనే, "కుర్రాళ్ళు టపాసులు తెస్తున్నారట. నువ్వు తొందరగా రా" అంది.

చావింట్లో టపాసులేమిటనుకునేవారికి చెబుతున్నాను. మా వైపు పండుముసలి వయసులో పోయినవారిని టపాసులు పేల్చి సాగనంపుతారు. మనిషి ఎంత గొప్పవాడైతే అంత మోత. మావయ్య యుద్ధం చేసి వచ్చిన సిపాయి. ఇక చెప్పాలా!

ఆ మోతే ఆయనకి పడదు. మలికిపురంలో ఒక పెళ్ళి ఊరేగింపులో టపాసుల దండ పేలేసరికి, పెళ్ళికొడుకుని కారులోంచి లాగి నీళ్ళబోదెలోకి తోసి, తుపాకీ గుళ్ళు తగలకుండా మీద పడుకున్నారు. అడ్డొచ్చినవాడి దవడ పగలగొట్టారు. ఇంకొకడి పీక పట్టుకుంటే నలుగురు కలిసినా విడిపించలేకపోయారు. అప్పుడు అత్తయ్యగారు వచ్చి ఆయన చెవులు రెండూ అరచేతులతో గట్టిగా మూసేశారు. పీక మీది పట్టు దానంతటదే సడలింది. దీపావళి వస్తే ఆ ఇంట్లో ఆవిడకి దీపాలు పెట్టే తీరికుండేది కాదు. ఆయన చెవులు మూసి కూర్చోవడమే పని.

అంతటి మనిషికీ సన్నాయి అంటే ప్రాణం. పిలిచినా పిలవకపోయినా పెళ్ళికి వెళ్ళి మేళం పక్కనే చేరేవారు. తాళి కట్టేవేళ గట్టిమేళం చెలరేగుతుంటే కళ్ళు మూసుకుని తొడమీద తాళం వేసేవారు.

"ఇదీ పెద్ద చప్పుడే కదండీ మావయ్యా?" అన్నాను ఒకసారి.

"చప్పుడు వేరు, మేళం వేరురా. చెడ్డమాట, ఏడుపు ఏవీ వినపడకూడదనే కదా గట్టిమేళం! మాకక్కడ అదుంటే బాగుండేది" అన్నారు.

అక్కడ, యుద్ధంలో ఏం జరిగిందో ఆవేళే చెప్పారు. కొండమీద గుంటలో ఆయనా, ఎప్పుడూ పాడుతూ ఉండే స్నేహితుడూ దాక్కున్నారట. గుండు పడి స్నేహితుడి పొట్ట చీలిపోయింది. పేగులు చేత్తో పట్టుకుని అరుస్తున్నాడు. శత్రువులు పై గట్టు మీదే ఉన్నారు.

"నోరు మూసేన్రా, ఈ చేత్తోనే. వేలు ఎముకదాకా కొరికేసేడు. వాళ్ళు దాటిపోయేరు. చెయ్యి తీస్తే వీడు లేడు. గాయానికి పోయేడో, నా చేతికి పోయేడో ఇప్పటికీ తెలీదు."

ఆ వేలి మీది గాటు నాకు చూపించారు. నాకు ఏడుపు ఆగలేదు.

ద్రాక్షారామం వైపు సన్నాయి పెద్దాయన ఒకరు ఆయనకి బాగా చనువు. "నన్ను కాటికి తీసుకెళ్ళేప్పుడు టపాసులొద్దయ్యా. నువ్వొచ్చి గట్టిమేళం వాయించాలి" అని ఒకసారి ఆయన్ని అడిగారు మావయ్య.

"అపచారమండి బాబూ! శుభానికే గానండి."

"నా చావు నాకు శుభమేనయ్యా" అని నవ్వారు మావయ్య. పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు.

గురువారం నేను వెళ్ళేసరికే పాడె సిద్ధమైంది. ఎక్కడో పెళ్ళి ముగించుకుని సన్నాయి పెద్దాయన కూడా వచ్చారు. మేళంవాళ్ళని ఆటోలోనే ఉంచి, కడసారి చూపుకి ఒక మూల నిలబడ్డారు. వాకిట్లో ఉన్న కుర్రాళ్ళని టపాసులు వద్దని బతిమాలాను.

"మిలటరీ తాతగారండి! చప్పుడు లేకుండా పంపితే మన ఊరికే పరువు తక్కువండి" అన్నారు. అమ్మ చేతులు జోడించాక, "ఆయ్, సరేనండి" అన్నారు.

వీధి చివర ఉన్నవాళ్ళకి ఆ మాట చేరలేదు. పాడె ఎత్తడానికి నలుగురూ వంగగానే అక్కడ దండ అంటించేశారు. ఇల్లు అదిరిపోయింది. అంత పొడుగు దండని ఆర్పేదెవరు? అత్తయ్యగారు పట్టుకున్నవాళ్ళని విదిలించి, శవం మీద పడి, ఆ చెవులు రెండూ అరచేతులతో మూసేశారు. లేపబోయినవాళ్ళని మోచేత్తో పొడిచారు. "ఆయనకి పడదు! ఆయనకి పడదండీ!" అని ఒకటే అరుపు.

సన్నాయి పెద్దాయన ఆటో దగ్గరికి నడిచారు. డోలు దిగింది. సన్నాయి నోట పెట్టుకుని ఒక్కసారి తలూపారు. గట్టిమేళం అందుకుంది. కాసేపటికి టపాసులు పేలుతున్నాయో ఆగాయో ఎవరికీ తెలియలేదు.

అత్తయ్యగారు తలెత్తి విన్నారు. మెల్లగా ఆయన చెవుల మీంచి చేతులు తీసేశారు.